కాటా మనిషి

ముప్పై ఒక్క క్రషింగ్ సీజన్లు
ఆమదాలవలస పంచదార ఫ్యాక్టరీ గేటు దగ్గర
బళ్లనీ ట్రాక్టర్లనీ తూచాను.
చెరుకెంత, వేళ్లకంటిన మట్టెంత,
చక్రం కాటా ఎక్కుతుండగానే చెప్పేసేవాణ్ణి.
ఫ్యాక్టరీ ఏనాడో మూతపడింది.
గొట్టంలో పావురాలు కాపురం పెట్టాయి.
పంచదార మాత్రం
బదిలీ మీద నా ఒంట్లోకి వచ్చింది.

కాగితం మీద అంకె చూసి
నర్సమ్మ తులసి నవ్వాపుకుంది:
"గోడౌనంతా ఇంటికి పట్టుకొచ్చీసినావేటి, తాతా?"

ఆ రోజు నుంచి మా ఇంట్లో కాటా దమయంతిది.
తూనికరాళ్లు లేవు ఆవిడకి.
ఒక గాజుగ్లాసు, ఒక గరిటె, ఒక కన్ను.
అన్నం గ్లాసు దాటదు.
తోటకూరకి లెక్కే లేదు.
"ముందు కూర తినీ, తరవాత మెతుకు ముట్టు.
కోపమొస్తే నామీద తీర్చుకో, కంచం మీద కాదు."

మావైపు పులుసంటే బెల్లం.
బెల్లం పడని పులుసుని
మొదటి రోజు ఇద్దరం ఎదురెదురుగా కూచుని
సంతాపసభలో టీ తాగినట్టు తాగాం.
తొమ్మిదో రోజుకి
ఆనపకాయకి దాని సొంత తీపి ఒకటుందని తెలిసింది.
అరవై నాలుగేళ్లు
బెల్లం అడ్డం కూచుని
దాన్ని నోరెత్తనివ్వలేదు.

పొద్దున్నే చోడి అంబలి.
మా అమ్మ ముంతతో ఇస్తే,
ఇస్త్రీ చొక్కా తొడిగాక సిగ్గుపడి మానేసిన అంబలి.
ఇప్పుడది బొమ్మల ప్యాకెట్టెక్కి
నాకంటే దర్జాగా తిరుగుతోంది.
దమయంతి ప్యాకెట్టు కొనదు.
సంతలో కుంచంతో కొలిపించి,
పైన ఇంకో దోసెడు పోయించుకుంటేగానీ
సంచి మూతి కట్టదు.

ఇక నడక.
మొదటి రోజు స్టేషను దాకా వెళ్లి
పునుగుల బండి దగ్గర వ్యాయామం ముగించాను.
మీసం వాసన పట్టిచ్చింది.
రెండో రోజు నుంచి ఆవిడా బయల్దేరింది.
ముప్పై తొమ్మిదేళ్లుగా నా వెనక రెండడుగుల్లో ఉన్న మనిషి
ఇప్పుడు ముందు.
ఆ చెప్పుల చప్పుడు పట్టుకుని నేను.

"మాటాడగలగాల, పాట పాడలేకపోవాల,
అంత జోరుగా నడవాలంట" అంది.
తులసి చెప్పిన కొలత.
అలా మాటాడుకోవలసి వచ్చింది.
ఏం మాటాడతాం?
నాగావళిలో నీళ్ల సంగతి రెండు రోజులు సరిపోయింది.
వంకాయ రేటు ఒక పూట.
మూడో వారం గూడ్సు పోతుంటే
పెట్టెలు లెక్కపెట్టడం మొదలెట్టాం.
నలభై ఆరు, నలభై ఏడు...
"నాకు మోకాలు నొప్పి. మూడేళ్లయింది,"
అని మళ్లీ
"యాభై" అంది.

మూడేళ్లు.
ఒకే కప్పు కింద.
బండెడు చెరుకులో
గుప్పెడు మట్టి బరువు చెప్పినవాణ్ణి నేను.

ఆ ఆదివారం తవిటయ్యని పిలిచి
పెరట్లో గిన్నెలు తోమే చోటు
నడుమెత్తుకి కట్టించాను.
సిమెంటారాక చూస్తే
సరిగ్గా నా నడుమెత్తు.
తవిటయ్య కొలత అడిగింది నన్నే మరి.
అందుకని రాత్రి గిన్నెలు నావి.
తిన్నాక వందడుగులు వెయ్యమన్నారు కదా,
కంచాలు లోపలికీ బయటికీ మోస్తే
నూట ఇరవై అవుతున్నాయి.
దబరాగిన్నె మాడు తియ్యడం
ఏ డాక్టరూ రాసివ్వని ఎక్సర్‌సైజు.
ఎనిమిదిన్నరకి ఆవిడ టీవీ కట్టేసి
వేణ్ణీళ్ల గుడ్డ మోకాలి మీద వేసుకుంటుంది.
గుడ్డ చల్లారిందో లేదో చూడటం నా డ్యూటీ.

అంకె కొంచెం దిగింది.
పండగ చేసుకునేంత కాదు.

నిన్న పక్కింటి గుంట
పుట్టినరోజని ఖాజాలు తెచ్చింది.
దమయంతి ఒకదాన్ని తుంచి, మళ్లీ తుంచి,
ఒక ముక్క నా అరచేతిలో పెట్టింది.
నోట్లో వేసుకునే ముందు
అలవాటుకొద్దీ పైకీ కిందికీ ఎత్తి చూశాను.

"తొమ్మిది గ్రాములు" అన్నాను.

"పదకొండు" అంది.